ఉప్పునీటి అక్వేరియంలో లైవ్ రాక్ వేసే ముందు

పోయిన నెల విశాఖపట్నం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని ఏడాదిగా తపన పడుతున్నాడు. గాజు తొట్టి వచ్చింది, స్టాండు వచ్చింది, రాయి (లైవ్ రాక్, అంటే జీవులు అతుక్కుని ఉండే సముద్రపు రాయి) సంగతి ఒక్కటే మిగిలింది. "రాయే కదా బావా, బాగా మరిగించి తొట్టిలో పెట్టేస్తే సరిపోదా?" అన్నాడు. అలా మాత్రం చెయ్యొద్దని ముందు గట్టిగా చెప్పి, ఆ తర్వాత కారణాలు మొదలుపెట్టాను. గంటన్నర పట్టింది. అప్పుడు చెప్పినవీ, ఫోన్లో కుదరక వదిలేసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది టెక్సస్‌లో. ఎనిమిదేళ్ల కిందట నా మొదటి తొట్టి పెట్టినప్పుడు ఈ రాయి విషయంలోనే తొందరపడ్డాను. "పూర్తిగా క్యూర్ అయిపోయిన రాయి, ఇవాళే వేసుకోవచ్చు" అని, అంటే లోపల చచ్చిన సరుకంతా పోయి శుభ్రపడిందని, దుకాణంలో చెప్పారు. తడి న్యూస్‌పేపర్లో చుట్టి, వేసవి ఎండలో ముప్పావు గంట కారు నడిపి, ఇంటికి తెచ్చి నేరుగా తొట్టిలో పేర్చేశాను. మూడో రోజు రెండు క్లౌన్ చేపలు వదిలాను. అయిదో రోజు పొద్దున చూస్తే రెండూ నీటి పైభాగానికి వచ్చి, మొప్పలు గబగబా ఆడిస్తూ ఊపిరికి కొట్టుకుంటున్నాయి. టెస్ట్ కిట్ గొట్టంలో పసుపు రంగు ఉండాల్సిన చోట ఆకుపచ్చ. అంటే అమ్మోనియా. సాయంత్రానికి ఒకటి పోయింది, తెల్లారేసరికి రెండోది పోయింది. రాయి లోపల ఏం జరుగుతోందో ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఆ రెండు చేపలు బతికేవి. అందుకే ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.

రాయి మీద కాపురం

లైవ్ రాక్ అన్న పేరు వినగానే రాయికి ప్రాణం ఉందనిపిస్తుంది. రాయికి ప్రాణం లేదు. పగడపు దిబ్బల్లో చచ్చిపోయిన పగడాల అస్థిపంజరాలు అలల దెబ్బకు విరిగి, ముక్కలై సముద్రం అడుగున పడి ఉంటాయి. అదంతా కాల్షియం కార్బొనేట్. గవ్వ, ఆల్చిప్ప, కోడిగుడ్డు పెంకు, సున్నపురాయి ఏ సరుకుతో తయారయ్యాయో ఇదీ దానితోనే. అయితే ఈ రాయి నిండా రంధ్రాలే. ఏళ్ల తరబడి సముద్రంలో ఉండేసరికి ఆ రంధ్రాల్లో పెద్ద కాపురమే వెలుస్తుంది. పైన గులాబీ, ఊదా రంగుల్లో పెచ్చులా అతుక్కుని ఉండే నాచు (దాన్ని కోరలైన్ ఆల్గే అంటారు), సందుల్లో స్పాంజ్‌లు (ఇవీ సముద్రపు జీవులే), గొట్టాల్లో దాక్కునే పురుగులు, సన్నటి కాళ్ల బ్రిటిల్ స్టార్‌లు, ఆవగింజంత కూడా లేని కోపీపాడ్‌లు. వీటన్నిటికంటే ముఖ్యం, కంటికి కనపడని బాక్టీరియా.

చేప విసర్జించేది ప్రధానంగా అమ్మోనియా. మిగిలిపోయిన తిండి కుళ్లినా వచ్చేది అదే. రాయి పైపొరలో ఉండే ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రాయి లోలోపల, ఆక్సిజన్ సరిగా అందని చోట ఉండే బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి పంపేస్తుంది. అంటే మనం తొట్టిలో అందానికని పెట్టుకునే ఆ రాయే తొట్టికి ఫిల్టర్. ఈ సంగతిని మొదట బాగా వాడుకున్నవాళ్లలో ఇండొనేషియాలోని జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒకరు. సముద్రపు నీరు, సముద్రం నుంచి తెచ్చిన రాళ్లు, కాసిని గాలి బుడగలతో పగడాలను ఎలా పెంచుతున్నాడో ఆయన 1961లో ఒక అక్వేరియం పత్రికలో రాశాడు. తర్వాత బెర్లిన్‌లోని ఔత్సాహికులు దీనికి, నీళ్లలోని మురికిని నురగగా పైకి తీసే ప్రోటీన్ స్కిమ్మర్‌ను జోడించారు. ఇప్పటికీ ఆ పద్ధతిని బెర్లిన్ పద్ధతి అనే అంటారు. అంతకుముందు ఇళ్లలో తెల్లగా బ్లీచ్ చేసిన పగడపు అస్థిపంజరాల్ని అలంకారానికి పెట్టుకునేవారు. అవి శుభ్రంగానే ఉండేవి, కానీ నీటిని శుభ్రం చేసే పని వాటి వల్ల అయ్యేది కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రాయి సముద్రం నుంచి మన ఇంటికి వచ్చేది నీళ్లలో కాదు. చాలాసార్లు తడి కాగితాల్లో చుట్టి, థర్మకోల్ పెట్టెలో పెట్టి, విమానంలో పంపుతారు. ఒకటి రెండు రోజులు గాలి తగిలితే బాక్టీరియాకు పెద్దగా ఏమీ కాదు. స్పాంజ్‌లు, నాచు, పురుగులు మాత్రం చాలావరకు చచ్చిపోతాయి. స్పాంజ్ శరీరమంతా సన్నటి కాలువలే. వాటిలో గాలి చిక్కుకుంటే మళ్లీ నీళ్లలో వేసినా చాలాసార్లు కోలుకోదు. ఇలా చచ్చినవన్నీ రాయి సందుల్లోనే ఉండి కుళ్లడం మొదలుపెడతాయి. ఒక్కో చేప రోజుకు విడిచే అమ్మోనియా ఎంతో, 20 కిలోల రాయిలో కుళ్లే మాంసం నుంచి వచ్చేది ఎంతో మీరే ఊహించండి.

గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువులున్న రైతుకు అమ్మోనియా గురించి నేను చెప్పక్కర్లేదు. పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుందని ఆయనకు అనుభవం. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, దానితో అంత ప్రమాదం లేదు. రెండోది అమ్మోనియా వాయువు, చేప మొప్పల్ని కాల్చేది ఇదే. పీహెచ్ 7 దగ్గర ఈ రెండో రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఉప్పునీటి తొట్టి పీహెచ్ 8.2 చుట్టూ ఉంటుంది. అక్కడ, 25 డిగ్రీల వేడిమిలో, అది నూటికి ఏడెనిమిది వంతులకు చేరుతుంది. మంచినీటి తొట్టిలో చేప తట్టుకున్న రీడింగ్‌ను ఉప్పునీటి చేప తట్టుకోలేకపోవడానికి ఇది పెద్ద కారణం.

క్యూరింగ్ వేరు, సైక్లింగ్ వేరు

మనకు క్యూరింగ్ అనగానే ఇంటి స్లాబ్ గుర్తొస్తుంది. కాంక్రీటు పోశాక మడి కట్టి నీళ్లు నిలబెడతాం, అది గట్టిపడేదాకా రోజులు లెక్కపెడతాం. రాయి క్యూరింగ్‌లోనూ ఆగడమే ప్రధానం కాబట్టి ఆ పోలిక కొంతవరకు పనికొస్తుంది. అయితే రాయికి ఇన్ని రోజులని లెక్క ఉండదు. ప్రయాణంలో చచ్చిపోయిన సరుకంతా కుళ్లి, కరిగి, రాయిని వదిలిపోయేదాకా వేరే పాత్రలో ఉంచడాన్ని క్యూరింగ్ అంటారు. సైక్లింగ్ అంటే తొట్టిలో వచ్చే అమ్మోనియాను ఎప్పటికప్పుడు మార్చేంత బాక్టీరియా పెరగడం. క్యూరింగ్‌లో చెత్త పోవాలి, సైక్లింగ్‌లో పనివాళ్లు పెరగాలి. మంచి లైవ్ రాక్‌ను క్యూర్ చేస్తుంటే రెండోది కూడా పక్కనే జరిగిపోతుంది, అందుకే చాలామంది రెండిటినీ ఒకటే అనుకుంటారు. పొడి రాయి (ప్రాణమేదీ లేకుండా ఎండిన రాయి) విషయంలో ఈ రెండూ పూర్తిగా విడిపోతాయి. అది తర్వాత చెబుతాను.

దుకాణంలో "క్యూర్ అయిపోయింది" అని చెప్పిన మాట నిజమే కావచ్చు. కానీ ఆ మాట రాయి ఆ దుకాణం తొట్టిలో ఉన్నంతసేపే చెల్లుతుంది. బయటికి తీసి గాలి తగిలించిన క్షణం నుంచీ మళ్లీ కొంత చావు మొదలవుతుంది. నా మొదటి తొట్టిలో జరిగింది ఇదే. కాబట్టి ఎక్కడ కొన్నా, ఎవరు ఏం చెప్పినా, ఇంట్లో కనీసం ఒక వారం వేరే పాత్రలో ఉంచి పరీక్షించుకోవాలి. నీళ్లలో ముంచి తెచ్చుకోగలిగితే అంతకంటే మంచిది. మూతున్న బకెట్ ఒకటి తీసుకెళ్లి, దుకాణం నీళ్లతోనే రాయిని ముంచి పట్టుకురావచ్చు. బరువు ఎక్కువే, కానీ పోయే ప్రాణాలు తక్కువ.

మరిగించడం ఎందుకు వద్దంటే

మా బావమరిది అడిగిన ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే. మరిగిస్తే మనం డబ్బు పెట్టి కొన్న బాక్టీరియా మొత్తం పోతుంది. రెండోది, చచ్చినవి రాయిలోంచి ఎక్కడికీ పోవు. రంధ్రాల్లో ఉడికిన మాంసంలా ఉండిపోయి, తొట్టిలో వేశాక తీరిగ్గా కుళ్లుతాయి. మూసుకుపోయిన సందుల్లో ఆవిరి చిక్కుకుని రాయి పగిలే ప్రమాదం కూడా ఉంది.

మూడోదానికి మనిషి ప్రాణంతో పని. జోయాంథిడ్లు అని బొత్తాముల్లా గుత్తులుగా పెరిగే జీవులుంటాయి. ముఖ్యంగా వాటిలో పాలిథోవా అనే జాతికి చెందిన కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. జీవులు తయారుచేసే విషాల్లో అతి తీవ్రమైనవాటిలో ఇదొకటి. హవాయి దీవుల్లో హానా అనే చోట దొరికే ఒక "ప్రాణాంతక నాచు"ను పూర్వం బల్లెం మొనలకు పూసేవారని అక్కడ చెప్పుకునేవారు. ఆ చోటి జీవి నుంచే శాస్త్రవేత్తలు ఈ విషాన్ని వేరుచేసి 1971లో ప్రకటించారు. అది నాచు కాదు, జోయాంథిడ్ అని తేలింది. ఇవి లైవ్ రాక్ మీద అతుక్కుని తెలియకుండా వచ్చేస్తుంటాయి. మరిగిస్తే ఈ విషం చావదు. ఆవిరి తుంపరలతో కలిసి గాల్లోకి లేస్తుంది, దాన్ని పీల్చిన ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలు కావచ్చు. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో అక్వేరియంలోని పగడాన్ని శుభ్రం చేస్తుండగా ఇలాంటి విషవాయువు లేచింది. కుటుంబంతో పాటు సాయానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. అలాస్కాలో 2012, 2014 మధ్య ఇళ్లలోనూ దుకాణాల్లోనూ జరిగిన ఇలాంటి ఘటనల మీద అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నివేదికే ఇచ్చింది. దగ్గు, జ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో చేదుగా లోహపు రుచి, ఇవీ లక్షణాలు. కాబట్టి లైవ్ రాక్‌ను మరిగించొద్దు. వేడినీళ్లు పోయొద్దు, ఓవెన్లో పెట్టొద్దు, ప్రెషర్ వాషర్‌తో కొట్టొద్దు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. చేతికి చిన్న గాయం ఉన్నా ఆ రోజు పని మానుకోండి.

రాయి ఎక్కడిది

ఇది పక్కదారి అనిపిస్తుంది గానీ, మన దేశంలో ఉండేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. చచ్చిన పగడం ముక్కైనా సరే, ఏరుకొచ్చి ఇంట్లో పెట్టుకోవడం నేరం. షెడ్యూల్ 1 కింది నేరాలకు శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం బట్టీల కోసం, కట్టడాల కోసం పగడాల్ని తవ్వి తీసేశారు. ఆ దిబ్బలు ఇంకా పూర్తిగా కోలుకోలేదు. అండమాన్ విహారానికి వెళ్లి ముక్క తెచ్చుకోవాలనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయండి. పగడాల అంతర్జాతీయ వ్యాపారానికి సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) కింద అనుమతి పత్రాలు ఉండాలి. ఎవరైనా "ఇంపోర్టెడ్ లైవ్ రాక్" అని అమ్ముతుంటే కాగితాలు చూపించమని అడగండి. చూపించలేకపోతే కొనొద్దు.

అమెరికాలో కథ వేరు. ఫ్లోరిడా తీరంలో సముద్రంలో సహజంగా ఉన్న రాయిని తవ్వి అమ్మడం శ్రుతిమించడంతో 1997 కల్లా పూర్తిగా ఆపేశారు. దాని బదులు కొందరు సముద్రం అడుగున కొంత జాగాను లీజుకు తీసుకుని, నేల మీది క్వారీల్లోంచి తెచ్చిన సున్నపురాయిని అక్కడ దించుతారు. కొన్నేళ్లు వదిలేస్తే సముద్రమే దాని మీద కాపురం పెడుతుంది. తర్వాత ఈతగాళ్లు దిగి ఏరుకొస్తారు. నేనిప్పుడు వాడేది ఈ రాయే. దిబ్బ ఒక్క ముక్క కూడా తరగదు. ఒకప్పుడు ప్రపంచమంతటికీ రాయి పంపిన ఫిజీ కూడా 2018 వచ్చేసరికి ఎగుమతి ఆపేసింది. మన దగ్గర మాత్రం పొడి రాయి, లేదా సిమెంటుతోనో సిరామిక్‌తోనో చేసిన రాయి తప్ప నేనింకేదీ సిఫారసు చెయ్యను. మా బావమరిదికీ అదే చెప్పాను.

పెట్టె విప్పిన రోజు నుంచి

ఇది లైవ్ రాక్ కొన్నవాళ్లకు. ముందు పాత్ర. ఆహారపదార్థాలకు వాడే రకం ప్లాస్టిక్ డ్రమ్ము, 100 నుంచి 150 లీటర్లది, 20 కిలోల రాయికి సరిపోతుంది. ఆ ముందురోజే ఉప్పునీళ్లు కలిపి సిద్ధంగా ఉంచుకోవాలి. రాయి వచ్చాక కలపడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. ఉప్పు అంటే అక్వేరియం సాల్ట్ మిక్సే, వంటింటి ఉప్పు కాదు. 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు), అంటే సాంద్రత 1.026 దగ్గర ఉండాలి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోండి. నీళ్లు ఆర్‌ఓవి అయి ఉండాలి. తెలంగాణలో, ఆంధ్రలో బోరు నీళ్లు ఎంత గరుకుగా ఉంటాయో తెలిసిందే, మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇంట్లో తాగే ఆర్‌ఓ మెషీన్ నీళ్లు కూడా నేరుగా పనికిరావు, రుచి కోసం వాటిలో టీడీఎస్ (కరిగిన లవణాలు) మళ్లీ కలుపుతారు. టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే 5 లోపు ఉండాలి. వేడిమి 25, 26 డిగ్రీలు. ఆంధ్రలో ఎండాకాలం అయితే హీటర్ కాదు, ఫ్యాన్ కావాలి.

అన్నిటికంటే ముఖ్యం నీటి కదలిక. కుళ్లడానికి ఆక్సిజన్ బోలెడు ఖర్చవుతుంది, ఉప్పునీళ్లలో అది మంచినీళ్లలో కంటే తక్కువే ఉంటుంది. మంచి బలమైన పవర్‌హెడ్ (నీళ్లను తిప్పే చిన్న మోటారు) ఒకటి డ్రమ్ము అడుగున, ఒకటి పైన పెట్టండి. స్కిమ్మర్ ఉంటే తగిలించండి, అది తీసే నల్లటి రసం చూస్తే రాయిలోంచి ఎంత సరుకు పోతోందో తెలుస్తుంది. కరెంటు పోయే ఊళ్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి. ఈ దశలో రెండు గంటలు నీళ్లు నిలబడిపోతే డ్రమ్ములో మిగిలినవి కూడా చస్తాయి.

పెట్టె విప్పాక ఒక్కో రాయినీ గ్లవ్స్ వేసుకున్న చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోండి, మరీ దగ్గరగా కాదు. సముద్రపు ఒడ్డు వాసన, తడి ఇసుక వాసన వస్తే మంచిదే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే లోపల ఆక్సిజన్ లేకుండా కుళ్లుతోందన్న మాట. ఆ రాయిని విడిగా పెట్టండి. ఇంకో బేసిన్లో ఉప్పునీళ్లు పోసుకుని, అందులో రాయిని ముంచి గట్టిగా ఆడించండి. మడ్డి అంతా దిగుతుంది. కుళాయి కింద మాత్రం కడగొద్దు, మంచినీళ్లు తగిలితే బతికి ఉన్నవి కూడా పగిలి చస్తాయి. ఆ తర్వాత పాత టూత్‌బ్రష్, పట్టకారు తీసుకుని కూర్చోవాలి. చచ్చిన స్పాంజ్ ఎలా ఉంటుందంటే, పైన తెల్లటి మీగడలాంటి పొర, వేలితో తాకితే జారిపోతుంది, కింద బూడిద రంగు గుజ్జు. అది వేళ్లతో పట్టుకుంటే రాదు, పట్టకారుతో మొదలంటా లాగి బ్రష్‌తో రుద్దాలి. వాడిపోయిన నాచు తాళ్లు తుంచేయాలి. గట్టిగా అతుక్కున్న ఊదా రంగు పెచ్చుల జోలికి మాత్రం పోవద్దు, గట్టిగా ఉన్నదంతా బతికి ఉన్నట్టే లెక్క. మెత్తగా, జిగటగా, వాసనగా ఉన్నదే తీయాలి. ఇక్కడ అతిగా శుభ్రం చేసేవాళ్లు ఎక్కువ. రాయి తెల్లగా మెరవాలని రుద్దేస్తే మిగిలేది పొడి రాయి, ధర మాత్రం లైవ్ రాక్‌ది.

మొదటి మూడు నాలుగు రోజులు అమ్మోనియా పెరుగుతూ పోతుంది. ఎంత దాకా పెరగనివ్వాలన్న దాని మీద రెండు వాదాలున్నాయి. పెరగనివ్వండి, బాక్టీరియాకు అదే తిండి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. లైవ్ రాక్‌లో బాక్టీరియాకు తిండి కొరత ఎప్పుడూ ఉండదు. ఎక్కువ అమ్మోనియాలో మిగిలిన పురుగులు, స్టార్‌లు కూడా చచ్చి, వాటి వల్ల ఇంకా అమ్మోనియా వచ్చి, ఒకదాని వెంట ఒకటిగా అంతా పోతాయి. అందుకే రోజూ టెస్ట్ చేసి, 1 పీపీఎం (పది లక్షలకు ఒక వంతు) దాటితే సగం నీళ్లు మారుస్తాను. మొదటి వారంలో మూడుసార్లు మార్చాల్సి రావచ్చు. ఉప్పు ఖర్చు గురించి ఆలోచించే చోటు ఇది కాదు. మార్చేటప్పుడు అడుగున పేరుకున్న మడ్డిని పైపుతో లాగేసి, రాళ్లను మళ్లీ ఒకసారి ఆడించి, ముందురోజు కనపడని స్పాంజ్ ఏదైనా తెల్లబడిందేమో చూసి తీసేయాలి.

వెలుతురు వద్దు. ఇంత ఎరువున్న నీళ్లకు లైటు తోడైతే పచ్చటి నాచు రాయినంతా కమ్మేస్తుంది. ఫ్లోరిడా రాయి మీద చిన్న పగడాలు బతికి వస్తే మాత్రం, అమ్మోనియా తగ్గిన తర్వాత రోజుకు నాలుగైదు గంటలు మసక వెలుతురు ఇస్తాను.

రెండో వారానికి డ్రమ్ము మూత తీసినప్పుడు వచ్చే వాసన మారుతుంది. అది నేను రాసి చెప్పలేను గానీ, ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరబడరు. అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు టెన్షన్ పడుతుంటారు. ఉప్పునీళ్లలో క్లోరైడ్ దండిగా ఉండడం వల్ల మొప్పల్లోకి నైట్రైట్ అంత సులువుగా పోలేదు, మంచినీటి చేపకు ఉన్నంత ప్రమాదం దీనికి లేదు. అయినా అది సున్నా అయ్యేదాకా ఆగాల్సిందే. రెండో రకం బాక్టీరియా ఇంకా చాలినంత లేదని అది చెబుతోంది. నైట్రైట్ ఉన్నన్నాళ్లు నైట్రేట్ టెస్ట్ కూడా తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు.

ఎన్ని రోజులని అందరూ అడుగుతారు. నీళ్లలో ముంచి, ఒక్క రాత్రిలో వచ్చిన ఫ్లోరిడా రాయి నాకు పది రోజుల్లో అయిపోయింది. రెండు మూడు రోజులు పొడిగా ప్రయాణించినదానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. క్యాలెండర్‌ని కాక టెస్ట్ గొట్టాన్ని చూడండి. నీళ్లు మార్చకుండా వారం రోజులు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అప్పుడు చిటికెడు చేప మేత వేసి, మర్నాడూ ఆ తర్వాతి రోజూ మళ్లీ చూడండి. అప్పుడూ సున్నానే ఉంటే రాయి సిద్ధం.

కూడా వచ్చే అతిథులు

క్యూరింగ్ డ్రమ్ము వల్ల ఇంకో లాభం ఉంది. రాయిలో దాక్కుని వచ్చినవాటిని తొట్టిలోకి వెళ్లకముందే చూడొచ్చు. రాత్రి లైట్లార్పి, గంట తర్వాత ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి చూడండి. ఎర్ర వెలుతురు వాటికి పెద్దగా కనపడదు.

ఎక్కువగా కనిపించేది బ్రిసిల్ వార్మ్ అనే పురుగు, జెర్రిలా పొడుగ్గా, పక్కలకు తెల్లటి నూగుతో. కొత్తవాళ్లు దీన్ని చూసి హడలిపోతారు. నిజానికి వీటిలో ఎక్కువ రకాలు మిగిలిన తిండి తిని బతికే మంచి పనివాళ్లు. వట్టి చేత్తో ముట్టుకుంటే మాత్రం గొంగళిపురుగు నూగు గుచ్చుకున్నట్టు మంట. టేపు అంటించి లాగితే నూగు వస్తుంది. ఐప్టేసియా అనే చిన్న గోధుమరంగు పూవులాంటి జీవి వేరే రకం, దాన్ని గిల్లితే తెగిన ప్రతి ముక్కా కొత్తదై మొలుస్తుంది. దాని నోట్లోకి సిరంజితో చిక్కటి సున్నపు ముద్ద పెట్టాలి. మనం తాంబూలంలో వేసుకునే సున్నమూ అదే రసాయనం, కాకపోతే అక్వేరియానికి శుద్ధమైన పొడి వాడాలి. రాత్రిపూట డ్రమ్ములోంచి ఎవరో గాజు మీద గోటితో కొట్టినట్టు టక్, టక్ వినిపిస్తే మాంటిస్ రొయ్య ఉండొచ్చు, లేదా పిస్టల్ రొయ్య ఉండొచ్చు. రెండోదానితో చేపలకు ప్రమాదం తక్కువ. మొదటిది చిన్న చేపల్ని చంపేస్తుంది. అది ఏ రంధ్రంలో ఉందో చూసి, రాయిని పైకి తీసి, ఆ రంధ్రంలోకి మామూలు సోడా నీళ్లు సిరంజితో కొడితే బయటికి దూకుతుంది. ఉప్పు ఎక్కువ కలిపిన నీళ్లలో, 1.035 పైన, రాయిని ఒక నిమిషం ముంచినా చాలా రకాలు బయటికొస్తాయి. అన్నిటినీ తుడిచిపెట్టాలని మాత్రం చూడొద్దు. చెడ్డవాటి కోసం మొత్తం రాయిని మంచినీళ్లలో ముంచితే మంచివే ముందు పోతాయి.

పొడి రాయి అయితే

భారతదేశంలో ఉన్నవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఈ భాగం. పొడి రాయిలో ప్రాణం లేదు కాబట్టి చంపేస్తామన్న భయం లేదు, ఎంత కఠినంగానైనా శుభ్రం చేయొచ్చు. పాత తొట్టిలో వాడి ఎండబెట్టిన రాయి అయితే లోపల ఎండిన మాంసం, రాయికే పట్టిన ఫాస్ఫేట్ ఉంటాయి. అడ్డదిడ్డంగా పెరిగే నాచుకు ఆ ఫాస్ఫేటే మూలం. మాంసానికి బ్లీచ్. వాసన, రంగు కలపని మామూలు బ్లీచ్ ఒక వంతు, నీళ్లు పది వంతులు, కొన్ని రోజులు నానబెట్టి, కడిగి, హైపో (సోడియం థయోసల్ఫేట్) కలిపిన నీళ్లలో ముంచి క్లోరిన్ తీసేయాలి. రొయ్యల హేచరీల్లో సముద్రపు నీటిని బ్లీచింగ్ చేసి హైపోతో విరుస్తారే, అదే పద్ధతి. తర్వాత ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి.

ఫాస్ఫేట్ పై పొర పోవాలంటే ఆమ్లం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక వంతు, నీళ్లు పది వంతులు. నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ పోయొద్దు. ఆరుబయట, అద్దాలు, గ్లవ్స్‌తో. రాయి వేయగానే ఈనో వేసినట్టు బుస్సున పొంగుతుంది. సున్నపురాయి కరిగి కార్బన్ డయాక్సైడ్ వస్తోందన్న మాట. పొంగు తగ్గాక తీసి, తినే సోడా నీళ్లలో వేసి, బాగా కడగాలి. బాత్‌రూమ్ కడిగే ఆమ్లాల్లో రంగులు, సువాసనలు కలుస్తాయి, అవి వాడొద్దు. అన్నిటికంటే పెద్ద జాగ్రత్త: బ్లీచ్ తడి ఆరని రాయిని ఆమ్లంలో వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది మనిషిని చంపగలదు. రెండు పనుల మధ్య రాయి పూర్తిగా ఆరి ఉండాలి, పాత్రలు వేరుగా ఉండాలి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆమ్లం జోలికి పోకుండా, ఆర్‌ఓ నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టి నీళ్లు మారుస్తూ ఉండడం మేలు.

సిమెంటుతో చేసిన రాయికి మాత్రం మన స్లాబ్ క్యూరింగే. కొత్త సిమెంటులోంచి సున్నం ఊరి పీహెచ్‌ను 10 పైకి ఎక్కిస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి వారానికోసారి మారుస్తూ, నీళ్లు రెండు రోజులు నిలిచినా పీహెచ్ 8.5 దాటకుండా ఉండేదాకా ఆగాలి. నెల, రెండు నెలలు పడుతుంది.

ఇంత చేశాక కూడా పొడి రాయి ఫిల్టర్ కాదు. ఇక్కడే క్యూరింగ్, సైక్లింగ్ విడిపోతాయి. ఉప్పునీళ్లలో వేసి, అమ్మోనియం క్లోరైడ్‌తో 2 పీపీఎం దాకా అమ్మోనియా తెచ్చి, సీసాలో అమ్మే బాక్టీరియా కలిపి, చీకట్లో తిప్పుతూ ఉంచాలి. 2 పీపీఎం ఒక్క రోజులో సున్నా అవుతున్నప్పుడు సైక్లింగ్ పూర్తయినట్టు. ఈ దశలో తొట్టిలో చేపలు ఉండకూడదు. పొడి రాయి తొట్లలో మొదటి నెలల్లో గోధుమరంగు డయాటమ్‌లు (కంటికి ఆనని సన్నటి నాచు), ఎర్రటి జిగురు, కొన్నిసార్లు బుడగలతో దారాల్లా వేలాడే డైనోఫ్లాజెల్లేట్‌లు (ఇవీ అలాంటి సూక్ష్మజీవులే) వస్తాయి. ఖాళీ రాయి మీద జాగా ఎవరు ముందు ఆక్రమిస్తే వాళ్లది. దీనికి ఓపిక తప్ప మందు లేదు. చట్టబద్ధంగా నడుస్తున్న స్నేహితుడి తొట్టి నుంచి కాస్త ఇసుకో, ఫిల్టర్ స్పాంజో తెచ్చుకుంటే ఈ దశ తొందరగా దాటుతుంది.

తొట్టిలోకి

ఇసుక పోయకముందే రాయి పేర్చండి. అడుగు రాళ్లు నేరుగా గాజు మీద, లేదా పల్చటి ప్లాస్టిక్ పలక మీద కూర్చోవాలి. ఇసుక మీద పేరిస్తే గోబీ చేపలు, పిస్టల్ రొయ్యలు కింద తవ్వేస్తాయి, ఒకరోజు అర్ధరాత్రి మొత్తం కూలుతుంది. వెనక గాజుకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి, నీళ్లు వెనక నుంచి కూడా తిరగాలి. డ్రమ్ము నీళ్లు తొట్టిలో కలపొద్దు. తొట్టిలో కొత్త ఉప్పునీళ్లు, అదే ఉప్పదనం, అదే వేడిమి. ఒక్కో రాయినీ డ్రమ్ములోంచి తీసి, బేసిన్లో చివరిసారి ఆడించి, గాలి తగలకుండా వెంటనే ముంచేయాలి. ఈ పని మా ఇంట్లో ఇద్దరం చేస్తాం. ఒకరు అందిస్తే ఒకరు పేరుస్తారు, అరగంటలో అయిపోతుంది.

ఆ తర్వాత మళ్లీ ఒక వారం రోజూ టెస్ట్. మొన్న ఫ్లోరిడా రాయి వేసినప్పుడు ఆరో రోజు రాత్రి టార్చి వేసి చూశాను. గాజు లోపలివైపు తెల్లటి చుక్కలు గంతులేస్తున్నాయి, కోపీపాడ్‌లు. రాయి కింది సందులోంచి బ్రిటిల్ స్టార్ రెండు కాళ్లు బయటపెట్టి, నీళ్లలో తేలే తిండి కోసం ఊపుతోంది. అమ్మోనియా గొట్టం పసుపుగానే ఉంది. ఎనిమిదో రోజు ఒక్క క్లౌన్ చేపను తెచ్చాను.